ఆర్‌వీ పైకప్పు మీది యాంటెన్నా: కొత్తది కొనేముందు ఆ చిన్న మీటను చూడండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతవరకు క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకుని అద్దె ఆర్‌వీలో, అంటే లోపలే పడకలు, వంటగది ఉండే బండిలో, నాలుగు రాత్రులు తిరిగారు. మొదటి రెండు రాత్రులు కాలిఫోర్నియాలోని శాక్రమెంటో డెల్టాలో, రియో విస్టా దగ్గరున్న బ్రానన్ ఐలండ్‌లో ఉన్నారు. తర్వాతి రెండు రాత్రులు యోసెమిటీ లోయలో. పైకప్పు మీద మడిచిపెట్టే యాంటెన్నా ఉంది. డెల్టాలో రెండే ఛానళ్ళు వచ్చాయి, పక్కన బండి నిలిపినవారికి మాత్రం నలభైకి పైగా వచ్చాయి. యోసెమిటీలో ఒక్కటి కూడా రాలేదు. వచ్చే నెల మళ్ళీ బయలుదేరుతున్నారు కాబట్టి, పెట్టె మీద ‘150 మైళ్ళు’ అని రాసి ఉన్న యాంటెన్నా కొనాలా అని అడిగారు.

కొనవద్దు. డెల్టాలో మీకు జరిగింది ఒకటి, యోసెమిటీలో జరిగింది వేరొకటి. మొదటిదానికి పైసా ఖర్చు లేదు. రెండోదానికి ఎంత ఖర్చుపెట్టినా ఫలితం ఉండదు. పన్నెండేళ్ళుగా సెలవు దొరికినప్పుడల్లా ట్రెయిలర్ లాక్కుంటూ పడమటి రాష్ట్రాలు తిరుగుతున్నాను. ఛానళ్ళు రావడం లేదని యాంటెన్నా మార్చినవారిని చాలామందిని చూశాను. వారిలో ఎక్కువమంది పాతదానిని సరిగా వాడి చూడకుండానే మార్చారు.

డెల్టా సంగతి ముందు చూద్దాం. శాక్రమెంటో, స్టాక్‌టన్ ప్రాంతానికి ప్రసారం చేసే ప్రధాన స్టేషన్ల టవర్లు వాల్‌నట్ గ్రోవ్ అనే చిన్న ఊరి దగ్గర ఉన్నాయి. వాటిలో 2,000 అడుగులకు మించినవి కూడా ఉన్నాయి. ఆ టవర్లు మీరు బండి నిలిపిన చోటికి ఈశాన్యంగా దాదాపు 14 మైళ్ళ దూరంలోనే ఉంటాయి. మధ్యలో కొండ లేదు, గుట్ట లేదు. నది, కరకట్టలు, పొలాలు, అంతే. అంత దగ్గరలో అంత ఎత్తు టవర్లు ఉన్నప్పుడు రెండే ఛానళ్ళు వచ్చాయంటే లోపం గాలిలో లేదు, యాంటెన్నాలోనూ ఉండకపోవచ్చు. బండి లోపలే ఎక్కడో సిగ్నల్ దారి తెగినట్టుగా ఉంది. నా అంచనా ప్రకారం సిగ్నల్‌ను పెంచే మీ బూస్టర్‌కు కరెంటు అందలేదు.

చాలా ఆర్‌వీల మీద ఉండేది గబ్బిలం రెక్కల్లా రెండు వైపులా చాచి ఉండే యాంటెన్నా. విన్‌గార్డ్ కంపెనీ సెన్సార్ అనే నమూనా వీటిలో బాగా కనబడుతుంది. దాని తలలోనే బూస్టర్ ఉంటుంది. దూరదర్శన్ రోజుల్లో మన ఊళ్ళలో డాబాల మీద పెట్టుకున్న బూస్టర్ చేసే పనే ఇదీ చేస్తుంది. దానికి వేరే తీగ ఉండదు. టీవీకి సిగ్నల్ తెచ్చే కేబుల్ గుండానే బ్యాటరీ నుంచి 12 వోల్టుల కరెంటు పైకి వెళుతుంది. ఆ కరెంటును పంపేది టీవీ వెనక గోడ మీద గానీ, పై అల్మరాలో ఒక మూల గానీ ఉండే చిన్న పలక. దాని మీద ఒక మీట, చిన్న దీపం ఉంటాయి. దీపం వెలిగితే బూస్టర్ పనిచేస్తోంది, టీవీ యాంటెన్నాకు కలిసి ఉంది. దీపం ఆరిపోతే బూస్టర్ ఆగిపోవడమే కాదు, టీవీని యాంటెన్నా నుంచి విడదీసి, బండి బయట కేబుల్ టీవీ తగిలించుకునే రంధ్రానికి కలుపుతుంది. అద్దె బండ్లలో చాలావరకు ఈ మీట ఆపేసే ఉంటుంది. ఇచ్చేవారు చెప్పరు, తీసుకునేవారికి తెలియదు. యాంటెన్నా ఎంత పైకెత్తినా, ఎటు తిప్పినా, టీవీ చూస్తున్నది మాత్రం ఏ తీగా తగిలించని ఆ ఖాళీ రంధ్రాన్ని. టవర్లు మరీ దగ్గరగా ఉన్నప్పుడు ఆ లోపలి కేబుల్ ముక్కే కొంత సిగ్నల్ పట్టుకుంటుంది. మీకు వచ్చిన రెండు ఛానళ్ళు అలా వచ్చినవే అయి ఉండాలి.

దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ట్రెయిలర్ కొన్న మొదటి ఏడాది ఒక చెరువు గట్టున సాయంత్రం రెండు గంటలపాటు యాంటెన్నా తిప్పుతూ కూర్చున్నాను. పిల్లలు ఎదురుచూసి ఎదురుచూసి నిద్రపోయారు. మర్నాడు పొద్దున పక్క బండిలోని పెద్దాయన వచ్చి, అల్మరా తలుపు తీసి, మీట నొక్కారు. ఆ తర్వాత ఛానళ్ళు వెతికిస్తే ముప్పైకి పైగా దొరికాయి.

మీట వేసినా దీపం వెలగకపోతే 12 వోల్టుల ఫ్యూజు చూడండి. దీపం వెలిగినా ఛానళ్ళు రాకపోతే పలకకు, యాంటెన్నాకు మధ్య ఎవరైనా స్ప్లిట్టర్ పెట్టారేమో చూడండి. రెండో టీవీ కోసం తగిలించిన మామూలు స్ప్లిట్టర్ ఆ 12 వోల్టులను పైకి పోనివ్వదు. మల్టీమీటరు ఉంటే యాంటెన్నా చివర కేబుల్ విప్పి, నడిమి రాగి తీగకు, బయటి మరకు మధ్య, మీట వేసి కొలవండి. 12కు దగ్గరగా చూపించాలి. మీట ఆపాకే కేబుల్ విప్పడం, బిగించడం చేయండి.

ఇక టీవీ దగ్గర మీరు చేయవలసింది. సెట్టింగ్స్‌లో ఛానళ్ళు వెతికించే చోట యాంటెన్నా లేదా ఎయిర్ అని ఒకటి, కేబుల్ అని ఒకటి ఉంటాయి. కేబుల్ అని ఉంటే గాలిలో వచ్చేవి దొరకవు. బండి కదిలి కొత్త చోటికి వెళ్ళిన ప్రతిసారీ మళ్ళీ వెతికించాలి. నిన్నటి ఊరి జాబితా ఈ రోజు పనికిరాదు. యాంటెన్నా పైకెత్తి, దిక్కు సరిచూసుకున్న తర్వాతే వెతికించండి. ముందే వెతికిస్తే టీవీ ఏమీ లేదని రాసుకుంటుంది. తర్వాత మీరు ఎంత తిప్పినా ఆ ఛానళ్ళు జాబితాలో చేరవు.

దిక్కు ఎలా తెలుసుకోవాలి? అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లో డీటీవీ రిసెప్షన్ మ్యాప్స్ అని ఒక పేజీ ఉంది. చిరునామా గానీ పిన్‌కోడ్ గానీ ఇస్తే ఆ చోట ఏ స్టేషన్లు అందవచ్చో, ఏవి బలంగా ఉన్నాయో, ఏ దిక్కున ఉన్నాయో చూపిస్తుంది. రాబిట్ ఇయర్స్ అనే వెబ్‌సైట్ ఇంకా వివరంగా చెబుతుంది. క్యాంపు మైదానంలో ఇంటర్నెట్ ఉంటుందన్న నమ్మకం లేదు కాబట్టి, ఇంటి నుంచి బయలుదేరేముందే చూసి, ఆ పేజీని ఫోటో తీసి ఫోన్‌లో దాచుకోండి. ఫోన్ దిక్సూచి అయస్కాంత ఉత్తరాన్ని చూపిస్తోందా, నిజమైన ఉత్తరాన్ని చూపిస్తోందా సరిచూసుకోండి. డెల్టా ప్రాంతంలో ఆ రెండింటికీ తేడా సుమారు 13 డిగ్రీలు. బ్రానన్ ఐలండ్ నుంచి శాక్రమెంటో స్టేషన్లు ఈశాన్యంలో ఉంటే, శాన్‌ఫ్రాన్సిస్కోలోని సూట్రో టవర్ దాదాపు 48 మైళ్ళ దూరాన, నైరుతి వైపు ఉంటుంది. మధ్యలో కొండలు అడ్డం. రెండు నగరాల ఛానళ్ళూ కావాలని యాంటెన్నాను వాటి నడుమ పెట్టవద్దు, రెండూ చెడతాయి. దగ్గరున్న శాక్రమెంటో వైపే పెట్టండి.

పైకప్పు యాంటెన్నాను లోపలి నుంచే తిప్పుతాం. సీలింగ్‌కు ఉన్న హ్యాండిల్ తిప్పితే లేస్తుంది. పూర్తిగా లేచాక హ్యాండిల్ చుట్టూ ఉన్న రింగును కిందికి లాగి తిప్పితే దిక్కు మారుతుంది. రింగు మీది గురుతు యాంటెన్నా చూసే వైపును చెబుతుంది. అయినా మొదటిసారి వాడుతున్నప్పుడు ఎవరినైనా బయట నిలబెట్టి సరిచూసుకోండి. అనుమానం తీరకపోతే పూర్తిగా వెనక్కి తిప్పి కూడా ఒకసారి చూడండి.

తిప్పే పద్ధతిలో మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది, అది మన చిన్నప్పటి అలవాటు. మా నాన్నగారు డాబా మీద గొట్టం తిప్పుతుంటే నేను కిటికీ దగ్గర నిలబడి, “వచ్చింది, వచ్చింది, అయ్యో పోయింది” అని అరిచేవాడిని. అప్పుడు బొమ్మ మీద చుక్కలు మెల్లగా తగ్గేవి, మెల్లగా పెరిగేవి. చేతికి, కంటికి మధ్య ఆలస్యం ఉండేది కాదు. అమెరికాలో పెద్ద స్టేషన్లు 2009 జూన్ 12తో పాత అనలాగ్ ప్రసారాలు ఆపేశాయి. డిజిటల్ సిగ్నల్‌లో చుక్కలు ఉండవు. బొమ్మ అద్దంలా వస్తుంది, లేదా అసలు రాదు. రెండింటికీ మధ్య ఉండేది చాలా సన్నని గీత. అందువల్ల కొద్దిగా తిప్పి, చెయ్యి తీసి, ఐదు సెకన్లు ఆగాలి. టీవీ ఆ సిగ్నల్‌ను విప్పి బొమ్మగా మార్చడానికి ఆ సమయం కావాలి. ఆగకుండా తిప్పుతూ పోతే సరైన చోటును దాటిపోయినట్టు మీకు తెలియనే తెలియదు. టీవీలో సిగ్నల్ కొలిచే తెర ఉంటే బలం కన్నా నాణ్యత అనే గీతను నమ్మండి. సిగ్నల్ ఎంత బలంగా ఉన్నా దానితోపాటు వచ్చే రొద కన్నా సుమారు 15 డెసిబెళ్ళు పైన లేకపోతే బొమ్మ నిలవదు. బూస్టర్ సిగ్నల్‌ను ఎంత పెంచుతుందో దానితో వచ్చిన రొదనూ అంతే పెంచుతుంది. కేబుల్‌లో జరిగే నష్టాన్ని అది పూడ్చగలదు గానీ గాలిలో లేనిదాన్ని తేలేదు.

ఇప్పుడు ఆ ‘150 మైళ్ళు’ గురించి. టీవీ తరంగాలు దాదాపు చూపు పోయినంత దూరమే పోతాయి, భూమి వంపు దాటాక అందవు. లెక్క సులువుగానే ఉంటుంది. ఎత్తును అడుగుల్లో తీసుకుని వర్గమూలం కట్టి, 1.41తో గుణిస్తే ఆ ఎత్తు నుంచి తరంగం అందే దూరం మైళ్ళలో వస్తుంది. 2,000 అడుగుల టవర్‌కు 63 మైళ్ళు. నేల నుంచి 12 అడుగుల ఎత్తున ఉన్న మీ యాంటెన్నాకు 5 మైళ్ళు. రెండూ కలిపితే 68. ఇది బల్లపరుపు నేల మీద, అంత ఎత్తు టవర్‌కు వచ్చే లెక్క. టవర్ 1,000 అడుగులదైతే 50 మైళ్ళు కూడా రావు. టవర్ కొండ మీద ఉంటే ఇంకాస్త పెరుగుతుంది, మధ్యలో కొండ ఉంటే అక్కడే ఆగిపోతుంది. వాతావరణం ఒక్కోసారి తరంగాలను వంచి ఎక్కడెక్కడికో మోసుకుపోతుంది, అది మరునాటికి ఉండదు. పెట్టె మీద 150 అని ముద్రించినంత మాత్రాన భూమి చదును కాదు. ఈ అంకెలు చూసి జనం డబ్బు పోగొట్టుకుంటుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

పొడవాటి గొట్టం నిలబెట్టి యాంటెన్నాను 25 అడుగులకు లేపితే? అదే లెక్కలో 5 మైళ్ళు 7 అవుతుంది, అంతే. దూరం కోసం అది చేయనక్కర్లేదు. చెట్ల కొమ్మలు, పక్కనున్న పెద్ద బండి అడ్డం తొలగించుకోవడానికి మాత్రం బాగా పనికివస్తుంది. గొట్టం నిలబెట్టేవారు ముందు తలెత్తి కరెంటు తీగలు ఉన్నాయేమో చూడాలి. ఉంటే ఆ చోట ఆ ప్రయత్నమే వద్దు. ఉరుము వినిపిస్తే వెంటనే దించేయాలి.

యోసెమిటీలో ఒక్క ఛానలూ రాకపోవడానికి కారణం ఇదే. లోయ అడుగున మీరున్నారు, చుట్టూ రాతి గోడలు. ఎల్ కాపిటాన్ ఒక్కటే లోయ నేల నుంచి సుమారు 3,000 అడుగులు నిటారుగా లేస్తుంది. ఆ గోడలకు అవతల ఏ టవర్ ఉన్నా దాని సిగ్నల్ మీ దాకా రాదు. అక్కడ రాత్రిపూట చూడవలసినవి నక్షత్రాలు. అమ్మానాన్నల కోసం ముందే ఫోన్‌లోనో, పెన్‌డ్రైవ్‌లోనో నాలుగు సినిమాలు దాచుకుని వెళ్ళండి.

కొన్ని ఛానళ్ళు వచ్చి కొన్ని రాకపోతే మరో కారణం వెతకాలి. తెర మీద కనబడే నంబరు, నిజంగా గాలిలో వాడే నంబరు ఒకటి కాకపోవచ్చు. శాక్రమెంటోలో 3గా కనబడే కేసీఆర్ఏ ప్రసారం అయ్యేది 35 మీద, అంటే 600 మెగాహెర్ట్జ్‌కు దగ్గరగా, యూహెచ్‌ఎఫ్ అనే పై పౌనఃపున్యాల భాగంలో. 10గా కనబడే కేఎక్స్‌టీవీ నిజంగానే 10 మీద, 192 నుంచి 198 మెగాహెర్ట్జ్ మధ్య, వీహెచ్‌ఎఫ్ అనే కింది భాగంలో ఉంది. 6గా కనబడే, పీబీఎస్ అనే ప్రజా ప్రసార సంస్థ స్టేషన్ కేవీఐఈ కూడా వీహెచ్‌ఎఫ్‌లోనే, 9 మీద. మొదటి రకం, అంటే యూహెచ్‌ఎఫ్, తరంగం పొడవు అర మీటరు, రెండో రకానిది మీటరున్నర. కిటికీకి అతికించే కాగితంలాంటి చిన్న యాంటెన్నాలు మొదటిదానికి సరిపోతాయి గానీ రెండోదాన్ని సరిగా పట్టలేవు. పైగా చాలా బండ్ల గోడల్లో అల్యూమినియం ఉంటుంది, లోపల పెట్టిన యాంటెన్నాకు అది గొడుగు పట్టినట్టే. మీ గబ్బిలం రెక్కల యాంటెన్నా ఈ విషయంలో వాటికన్నా చాలా నయం. దాన్ని పీకి కొత్త గుండ్రటిది పెట్టించుకోమని ఎవరైనా చెబితే ఇది గుర్తుంచుకోండి. గుండ్రటివాటితో తిప్పే పని తప్పుతుంది, నిజమే. కానీ అన్ని దిక్కులా కొద్దికొద్దిగా వినేది, ఒకే దిక్కున చెవిపెట్టి వినేదానంత దూరం వినలేదు.

వీహెచ్‌ఎఫ్ ఛానళ్ళకు ఇంకో శత్రువు మీ బండిలోనే ఉండవచ్చు. పగలంతా చక్కగా వచ్చిన 10, రాత్రి దీపాలు వేయగానే ముక్కలు ముక్కలైతే ఆ చవక ఎల్‌ఈడీ దీపాలనే అనుమానించండి. వాటిలోని సర్క్యూటు విడుదల చేసే రొద సరిగ్గా ఈ భాగంలోనే పడుతుంది. బ్యాటరీని ఛార్జ్ చేసే కన్వర్టర్, ఇన్వర్టర్ కూడా ఇదే చేయగలవు. ఒక్కొక్కటీ ఆపుతూ చూస్తే దొంగ దొరుకుతుంది. నా ట్రెయిలర్‌లో వంటగట్టు మీది రెండు దీపాలు మార్చాక కేవీఐఈ రాని సాయంత్రం లేదు. మా పిల్లల పొద్దుటి కార్యక్రమాలన్నీ ఆ స్టేషన్‌లోనే వచ్చేవి.

బండి నిలిపే చోటు ఎంచుకునే వీలుంటే టవర్ల వైపు చెట్లు లేని స్థలం అడగండి. యూహెచ్‌ఎఫ్‌ను తడి ఆకులు బాగా తాగేస్తాయి. గాలికి కొమ్మలు ఊగుతుంటే బొమ్మ ఆగి ఆగి వస్తుంది. ఒక్కోసారి బండిని పది అడుగులు ముందుకు జరిపితే యాంటెన్నా మార్చినంత తేడా కనబడుతుంది. నేను ముందుగా డబ్బు పెట్టమని చెప్పేది దేనిమీదంటే, పాత కేబుల్ చివర్లు తుప్పు పట్టి ఉంటే కొత్త ఆర్‌జీ-6 కేబుల్ మీద. అద్దె బండి కాబట్టి మీకు అదీ అవసరం లేదు.

అమ్మానాన్నలకు తెలుగు ఛానళ్ళు కావాలంటే మాత్రం యాంటెన్నా ఆ పని చేయదు, ఇంటర్నెట్ కావలసిందే. మరి ఇంత శ్రమ ఎందుకని మీరు అడగవచ్చు. నాలుగేళ్ళ కిందట వేసవిలో సియెర్రా కొండల దిగువన ఒక క్యాంపులో ఉన్నాం. ఫోన్‌లో ఒక్క గీత కూడా లేదు. మధ్యాహ్నం నుంచి ఆకాశం ఎర్రబడింది. టీవీ పెడితే శాక్రమెంటో స్టేషన్‌లో కార్చిచ్చు ఎటు కదులుతోందో పటం వేసి చూపిస్తున్నారు, ఏ రోడ్డు మూశారో చెబుతున్నారు. చీకటి పడకముందే మేము తెరిచి ఉన్న రోడ్డు మీదుగా దిగిపోయాం. అప్పటి నుంచి బండి నిలపగానే నేను చేసే మొదటి పని యాంటెన్నా ఎత్తి స్థానిక వార్తలు వస్తున్నాయో లేదో చూడడం. కాలిఫోర్నియాలో వేసవిలో తిరిగే మన కుటుంబాలన్నీ ఈ అలవాటు చేసుకుంటే నాకు ఎంతో సంతోషం.

చివరగా దించడం గురించి. ఎత్తిన యాంటెన్నాతో బండి కదిలిస్తే మొదటి కొమ్మకో, పెట్రోలు బంకు కప్పుకో తగిలి విరుగుతుంది, పైకప్పుకు చిల్లు పడి వాన నీరు లోపలికి దిగుతుంది. అద్దె బండికి ఆ మరమ్మతు ఖర్చు మీ డిపాజిట్‌ను మింగేస్తుంది. దించేముందు రింగు మీది బాణం, సీలింగ్ పలక మీది బాణం ఎదురెదురుగా వచ్చేలా తిప్పండి. అలా చేయకుండా దించితే ఏసీ డబ్బా మీదో, సోలార్ పలక మీదో కూర్చుని వంగిపోతుంది. ఎత్తిన రోజే ఒక ఎర్ర గుడ్డ ముక్కను స్టీరింగ్‌కు కట్టండి, దించాకే విప్పండి. హ్యాండిల్ బిగుసుకున్నంత మాత్రాన పూర్తిగా దిగిందని అనుకోవద్దు. మీ నాన్నగారిని బయట కాస్త దూరంగా నిలబడి పైకప్పు చూడమనండి. ఆయన “దిగింది” అన్నాకే ఇంజను స్టార్ట్ చేయండి.